ప్లీడరు దగ్గరికి వెళ్తూ శుభలేఖ కూడా పట్టుకెళ్ళండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నా వయసు 53. పెళ్ళయిన దగ్గర్నుంచీ బెంగళూరులో ఉంటున్నాం. పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు రెండేళ్ళ క్రితం పోయారు. తాతగారి నుంచి వచ్చిన ఎకరా ఎనభై సెంట్ల మాగాణి, నాన్నగారు కొన్న డాబా ఇల్లు ఉన్నాయి. అన్నీ తనకే వీలునామా రాశారనీ, అది రిజిస్టరు కూడా అయిందనీ అన్నయ్య అంటున్నాడు. కాగితం మాత్రం చూపించడు. పొలం పాస్‌బుక్ తన పేరు మీదికి మార్పించుకున్నాడు. 1994లో నా పెళ్ళికి 20 సవర్ల బంగారం పెట్టారు కాబట్టి నాకింకేమీ రాదంటాడు. నేను కోర్టు గడప తొక్కినదాన్ని కాదు. హైదరాబాదులో పెద్ద లాయర్ని పెడదామని మా మరిది అంటున్నాడు. తెనాలిలో అయితే అందరూ అన్నయ్యకి తెలిసినవాళ్ళే అవుతారని నా భయం. మీరే మా కేసు తీసుకోకూడదా? ప్లీడరు గారి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏం చెప్పాలి, ఏం తీసుకెళ్ళాలి?
– పేరు వద్దన్న సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ కేసు నేను తీసుకోను. ఎందుకో చెబుతాను, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. పొలమూ ఇల్లూ ఎక్కడుంటే దావా అక్కడి కోర్టులోనే వెయ్యాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెబుతుంది. మీరు బెంగళూరులో ఉన్నా, మీ మరిది హైదరాబాదు లాయర్ని పెడదామన్నా, మీ దావా నడిచేది తెనాలిలో. నా ప్రాక్టీసు నరసరావుపేటలో. భాగ పంపకాల దావా అంటే ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత కోర్టు పంపిన కమిషనరు వెళ్ళి పొలం కొలవడం, ఆ తర్వాత ఎవరి భాగం వారికి విడదీసి ఇచ్చే ఫైనల్ డిక్రీ. అన్నేళ్ళూ వాయిదాలుంటాయి. ఏదో ఒక వాయిదాకి మీ తరఫున ఎవరూ నిలబడకపోతే దావా డిఫాల్టు కింద కొట్టేస్తారు. దాన్ని మళ్ళీ నిలబెట్టుకోవడానికి ఇంకో పిటిషను, ఇంకో ఖర్చు.

హైదరాబాదు పెద్దాయన ప్రతి వాయిదాకీ తెనాలి రారు. అక్కడ ఎవరో జూనియరుకి అప్పగిస్తారు. మీరు ఇద్దరికి డబ్బు కడతారు, మీ కథ మాత్రం ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా తెలియదు. రేపు అప్పీలుకి వెళ్ళాల్సి వచ్చినా 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలోనే ఉంది. తెనాలి ప్లీడరుకి ఆ సబ్-రిజిస్ట్రారు ఆఫీసు తెలుసు, ఆ ఊరి సర్వే నంబర్లు తెలుసు, ఏ కోర్టులో ఏ పని ఎప్పుడు కదులుతుందో తెలుసు. మీకు కావలసింది ఆ మనిషి.

అన్నయ్యకి తెలిసినవాళ్ళుంటారన్న మీ భయం ఉత్తి భయమని నేను అనను. చిన్న ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు. తెలిసి ఉండటం తప్పు కాదు. మీ అన్నయ్యకి ఈ విషయంలో అప్పటికే సలహా ఇచ్చి ఉంటే మాత్రం ఆ ప్లీడరు మీ కేసు తీసుకోకూడదు, బార్ కౌన్సిల్ నియమం అది. అందుకే లోపలికి వెళ్ళి కూర్చోగానే కథ మొదలుపెట్టకండి. ముందు మీ పేరు, అన్నయ్య పేరు, వదిన పేరు, ఊరి పేరు చెప్పి, "వీళ్ళెవరైనా మీ దగ్గరికి వచ్చారా అండీ?" అని అడగండి. నిజాయితీ ఉన్న ప్లీడరు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. వచ్చారంటే నమస్కారం పెట్టి లేవండి. ఒక్క కాగితం కూడా చూపించకండి.

ఇక ఎవర్ని ఎంచుకోవాలి? ప్లీడర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కాబట్టి పేపర్లోనో ఫోన్లోనో పెద్ద పెద్ద బొమ్మలతో కనిపించేవాళ్ళ వెంట పడకండి. తెనాలి వచ్చిన రోజు ఉదయం పదిన్నరకల్లా సివిల్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద గంటసేపు కూర్చోండి. కోర్టు అందరిదీ, ఎవరైనా కూర్చోవచ్చు. కేసు పిలవగానే ఎవరు కట్ట విప్పి సిద్ధంగా లేచి నిలబడుతున్నారో, ఎవరు ప్రతిసారీ వాయిదా అడుగుతున్నారో మీకే కనిపిస్తుంది. క్రాస్ (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసేటప్పుడు సాక్షి మీద అరిచే ప్లీడర్ని చూసి గట్టివాడని మురిసిపోకండి. నెమ్మదిగా, చేతిలో కాగితం పట్టుకుని, ఒక్కో తేదీ అడిగేవారిని చూడండి. ఆస్తి దావాల్లో పనికొచ్చేది ఆ పద్ధతి. ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకున్నాక, కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ యాప్‌లో ప్లీడరు పేరుతో వెతికితే ఆ కోర్టులో వాళ్ళు ఎలాంటి కేసులు నడుపుతున్నారో తెలుస్తుంది. అన్నీ క్రిమినల్ కేసులే ఉంటే మీ పొలం గొడవకి వేరొకరు మేలు. అదే యాప్‌లో మీ పేరు, అన్నయ్య పేరు కూడా కొట్టి చూడండి. ఆయన ముందే ఏదైనా దావా వేసి ఉంటే అక్కడ బయటపడుతుంది.

పగలు మేం కోర్టులో ఉంటాం. సాయంత్రం ఆరు తర్వాత గానీ ఆదివారం పొద్దున గానీ ఫోన్ చేసి సమయం అడిగి వెళ్ళండి. ఆరుగురు బంధువులతో వెళ్ళకండి. మా ఆఫీసుకి అలా వచ్చిన వాళ్ళలో నాకు నిజం చెప్పాల్సిన మనిషి ఒక మూల కూర్చుని ఉంటుంది, బాబాయో మరిదో మాట్లాడుతుంటారు. మీరూ, మీకు ధైర్యమిచ్చే మనిషి ఇంకొకరూ, చాలు. మాట్లాడాల్సింది మీరే.

వెళ్ళేముందు ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీయండి. తాతగారితో మొదలుపెట్టి, ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఏ సంవత్సరంలో పోయారు. అమ్మగారి సంగతి మీ ఉత్తరంలో లేనే లేదు. ఆవిడ ఉంటే ఆవిడకీ భాగం ఉంటుంది. తాతగారు పోయిన సంవత్సరం తప్పకుండా కనుక్కోండి, పంచాయతీలో దొరక్కపోతే ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. "తాతగారి పొలం" అన్న మాట ఒక్కటే ప్లీడరుకి చాలదు. అది తాతగారికి తన తండ్రి నుంచి వచ్చిందా, సొంతంగా కొన్నదా? ఆయన పోయింది 1956లో హిందూ వారసత్వ చట్టం రాకముందా, వచ్చాకా? ఈ రెండిటి మీదే అది ఉమ్మడి ఆస్తో, నాన్నగారి సొంత ఆస్తో తేలుతుంది. ఉమ్మడిదైతే నాన్నగారు తన వాటా వరకే వీలునామా రాయగలరు. సొంతదైతే మొత్తం రాయగలరు, అప్పుడు మీ పోరాటమంతా ఆ వీలునామా నిజమా కాదా అన్న దాని మీదే. డాబా ఇల్లు నాన్నగారు కొన్నదే కాబట్టి దాని సంగతి ఎలాగూ వీలునామాతోనే తేలాలి.

మీ పెళ్ళి శుభలేఖ దాచుకున్నారా? అది తీసుకెళ్ళండి. నవ్వకండి, అది మంచి సాక్ష్యం. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుంది, కాకపోతే ఆ తేదీకి పెళ్ళికాని ఆడపిల్లలకే. మీ పెళ్ళి 1994లో, కాబట్టి మీరు ఆ చట్టం కిందికే వచ్చారు. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయిన వాళ్ళకీ ఇచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరి పాత చట్టంతో పనేమిటంటారా? 2004 డిసెంబరు 20కి ముందే నాన్నగారూ అన్నయ్యా పంపకాలు రిజిస్టరు చేసుకున్నారని రేపు ఒక దస్తావేజు బయటికి వచ్చిందనుకోండి. కేంద్ర చట్టం అలాంటి పాత పంపకాల జోలికి వెళ్ళదు. అప్పుడు "ఆనాటికే నాకు హక్కుంది, నన్ను వదిలేసి ఎలా పంచుకున్నారు?" అని అడగడానికి మీకు నిలిచేది 1985 తేదీ. దాన్ని రుజువు చేసేది పెళ్ళి తేదీ. అందుకే శుభలేఖ.

వీలునామా ఉందో లేదో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే తెలుస్తుందని మీకెవరైనా చెప్పి ఉంటారు. తెలియదు. అమ్మకాలు, దానాలు, తాకట్లు ఎక్కే పుస్తకం వేరు, వీలునామాలు ఎక్కే పుస్తకం వేరు. ఈసీలో మొదటి పుస్తకమే కనిపిస్తుంది. అయితే రాసిన మనిషి పోయాక రిజిస్టరు వీలునామా నకలు ఎవరు అడిగినా ఇవ్వాలి, అది చట్టం. నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం జతచేసి సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టండి. ఆ నకలుతో ప్లీడరు దగ్గరికి వెళ్తే మొదటి రోజే మాట ముందుకు సాగుతుంది. రిజిస్టరు అయినంత మాత్రాన వీలునామా రుజువైపోదు. సంతకం పెట్టిన సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉంటే వచ్చి కోర్టులో చెప్పాలి. ఆ సాక్షులెవరు, అన్నయ్యకి ఏమవుతారు, రాసిన నాటికి నాన్నగారు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, ఏ మందులు వాడుతున్నారు – గుర్తొచ్చినంతా రాసుకోండి. పాస్‌బుక్ మారిందని కుంగిపోకండి. రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదు.

పొలం సాగు, హక్కు వివరాలుండే అడంగలు, 1-బి పత్రాలు ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో తీసుకోండి. ఈసీ, ఇంటి దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం కావాలి. నాలుగు వైపులా హద్దులు ఎవరివో కూడా రాసుకోండి. అన్నీ తేదీల వరసలో పెట్టి జిరాక్సులే ఇవ్వండి. అసలు కాగితం ఇవ్వాల్సి వస్తే ఏం ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకోండి. నాన్నగారు పోయాక అన్నయ్య మీకెప్పుడైనా కౌలు డబ్బు పంపాడా? కనీసం ఒక బియ్యం బస్తా? ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ తీయండి. మీకూ ఆ ఆస్తిలో స్వాధీనం ఉందనడానికి అదొక ఆనవాలు. ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు ఫీజు నామమాత్రం, మిమ్మల్ని పూర్తిగా వెళ్ళగొట్టారంటే మీ వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి. ఆ ఒక్క బస్తా బియ్యానికి అంత విలువుంది. అన్నయ్య "నీకేమీ రాదు" అని మొదటిసారి ఎప్పుడు అన్నాడో ఆ తేదీ కూడా ముఖ్యమే. గడువులు కొన్నిటికి మూడేళ్ళు, కొన్నిటికి పన్నెండేళ్ళు, చాలావరకు మీకు తెలిసిన రోజు నుంచే లెక్క. ఆయన పొలం బేరం పెడుతున్నట్టు వింటే ఆ మాట అన్నిటికంటే ముందు చెప్పండి. దావాతో పాటే అమ్మకం ఆపమని ఇంజంక్షన్ పిటిషను వెయ్యాలో లేదో ప్లీడరు అప్పుడే ఆలోచిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మీకు వ్యతిరేకంగా ఉన్నది ముందు చెప్పండి. 20 సవర్ల బంగారం మాట మీరు ఉత్తరంలో రాశారు, సంతోషం. ఇంకేమైనా ఉందా? ఇల్లు కొనేటప్పుడు నాన్నగారు అడిగారని ఎక్కడైనా సంతకం పెట్టారా? పసుపు కుంకుమ కింద డబ్బు తీసుకుని "నాకు వాటా అక్కర్లేదు" అని రాసిచ్చారా?

నా ప్రాక్టీసు మూడో ఏట ఒక పెద్దాయన గట్టు తగాదాతో వచ్చారు. నెలల తరబడి మా ఆఫీసుకి వచ్చారు, వచ్చినప్పుడల్లా మా గుమస్తాకి ఇంటి నుంచి జామకాయలు తెచ్చేవారు. ఊరి పెద్దల ముందు తెల్లకాగితం మీద రాజీ రాసి సంతకం పెట్టిన సంగతి ఒక్కరోజూ చెప్పలేదు. క్రాస్‌లో అవతలి ప్లీడరు ఆ కాగితం తీసి "ఈ సంతకం మీదేనా?" అన్నారు. ఆయన నా వైపు చూశారు. నేనేం చెయ్యగలను? అవునన్నారు. ఆ కాగితానికి రిజిస్ట్రేషను లేదు, స్టాంపు లేదు. ముందే తెలిస్తే ఎందుకు రాశారో దావాలోనే చెప్పుకునేవాళ్ళం. దాచడం వల్ల ఆయన చెప్పిన మిగతా నిజాలు కూడా కోర్టు నమ్మలేదు. ఎందుకు చెప్పలేదని బయటికొచ్చాక అడిగితే, "మీరు కేసు తీసుకోరేమోనని తల్లీ" అన్నారు. పాతికేళ్ళయింది, ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటినుంచి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది అవతలివాళ్ళ చేతిలో ఏముందనే.

మీరు ప్లీడరుతో చెప్పింది ఆయన గానీ ఆయన గుమస్తా గానీ బయట చెప్పకూడదు. చట్టమే కట్టేసింది, కేసు ముగిసినా ఆ కట్టు వదలదు. అందుకని సిగ్గుపడకుండా చెప్పండి.

ఫీజు అడగడానికి మొహమాటపడకండి. మొత్తం ఎంత, ఏ దశలో ఎంత, కోర్టు ఫీజు, కమిషనరు ఖర్చులు, నకళ్ళ ఖర్చులు అందులోవేనా, వేరా – అన్నీ అడిగి మీ డైరీలో ఆయన ముందే రాసుకోండి. "గెలిచాక పొలంలో ఇంత ఇవ్వండి" అనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. అలా వాటా మాట్లాడుకోవడం ప్లీడర్లకి నిషిద్ధం. "తప్పకుండా గెలిపిస్తా" అనేవారి దగ్గరా వద్దు. "నా కేసులో బలహీనత ఏది?" అని మీరే అడగండి. ఆ ప్రశ్నకి నిదానంగా జవాబు చెప్పే ప్లీడరే మీ ప్లీడరు. వాయిదాలకి ఎవరు నిలబడతారు, నాకు కబురెవరు చేస్తారు అని కూడా అడగండి. మీ తరఫున వాదించే అధికారం ప్లీడరుకి ఇచ్చే వకాల్తా మీద సంతకం చేసేముందు మీ పేరూ, అన్నయ్య పేరూ, కోర్టు పేరూ రాసి ఉన్నాయో లేదో చూడండి. "తర్వాత పనికొస్తాయి" అని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగితే, ఎంత మంచివారైనా, పెట్టకండి.

చివరగా, మీకేం కావాలో వెళ్ళేముందే తేల్చుకోండి. పొలమా, దాని విలువా, అన్నయ్యతో మాటలు నిలిచి ఉండటమా? మొదటి రోజే దావా వెయ్యక్కర్లేదు. నోటీసు ఇవ్వచ్చు, దావాకి ముందే రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. మీరు అన్నయ్య అనే రాశారు, ఎక్కడా పేరు పెట్టి రాయలేదు. ఆ సంగతి కూడా మీ ప్లీడరుకి తెలియాలి.

ప్రశ్న: మా ప్లీడరు గారు నాలుగేళ్ళుగా కేసు సరిగా చూడటం లేదు. వేరే ఆయన దగ్గరికి వెళ్దామంటే, బాకీ ఫీజు ఇచ్చేదాకా ఫైలు ఇవ్వనంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు ప్లీడరుకి లేదని 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బాకీ నిజమైతే దాన్ని రాబట్టుకునే దారి వేరే ఉంది. ముందు మర్యాదగా ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి: ఫైలు ఇవ్వండి, వకాల్తా మార్పుకి నో అబ్జెక్షన్ ఇవ్వండి అని. ఇవ్వకపోతే కొత్త ప్లీడరు కోర్టు అనుమతి అడుగుతారు, మీరు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు కూడా చేసుకోవచ్చు. ఫైలు రాలేదని కొత్త ప్లీడర్ని కలవడం ఆపకండి. మీ కేసుకి అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, దాంతో ప్రతి వాయిదాకీ ఏం జరిగిందో ఈకోర్ట్స్‌లో చూసి ప్రింటు తీసుకోండి. మిగతా కాగితాలకి కోర్టులో నకళ్ళు అడగొచ్చు. కొత్తాయన దగ్గర పాతాయన్ని తిడుతూ కూర్చోకండి. వచ్చే వాయిదా ఎప్పుడు, దేనికి వేశారు – ముందు ఆ రెండూ చెప్పండి.

ప్రశ్న: భర్త వదిలేసి ఏడాదయింది. ఇద్దరు పిల్లలు. మిషను కుట్టి బతుకుతున్నాను. ప్లీడరుకి ఇచ్చే స్తోమత లేదు. సర్కారు ఇచ్చే ఉచిత లాయర్లు సరిగా చూడరంటున్నారు. నిజమేనా?
– ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లెమ్మా, ఆ మాట విని ఏడాది ఆగిపోయావని నాకు బాధగా ఉంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. మీ ఊరి కోర్టు ప్రాంగణంలో మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. అక్కడ తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇచ్చిన ప్లీడరు నీ దగ్గర రూపాయి తీసుకోకూడదు. సరిగా చూడకపోతే మార్చమని అదే కమిటీకి రాసివ్వచ్చు. నేనూ అలాంటి కేసులు చేశాను. కాగితాలతో, తేదీలతో వచ్చిన మనిషి కేసు మా చేతుల్లో వేగంగా నడుస్తుంది, ఫీజు ఎవరిచ్చినా సరే.

పెళ్ళి ఫోటో, ఆధార్, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, స్కూలు ఫీజు రసీదులు, ఇంటి అద్దె, నెల ఖర్చు రాసిన కాగితం తీసుకెళ్ళు. అతను ఎక్కడ పనిచేస్తాడు, బండి ఉందా, పొలం ఉందా, తెలిసినంత రాయి. ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ప్రమాణ పత్రంలో కోర్టుకి చెప్పాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది, నువ్వు రాసుకెళ్ళింది అక్కడ ఉపయోగపడుతుంది. నువ్వుంటున్న ఊళ్ళోనే మనోవర్తి కేసు వేసుకోవచ్చు, అతనున్న ఊరికి వెళ్ళక్కర్లేదు. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది: మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కకడతారు. పోయిన ఏడాది లెక్కలోకి రాదు. కాబట్టి కాగితాలన్నీ కుదిరేదాకా ఆగకు. ఆధార్, పెళ్ళి ఫోటో పట్టుకుని ఈ సోమవారమే వెళ్ళు, మిగతావి తర్వాత ఇవ్వచ్చు.